కొత్త ట్యాంకు వచ్చింది, పాతది ఇంకా వెళ్ళలేదు

ట్యాంకుల మీద ఏ పుస్తకం తీసినా మొదటి తరం, రెండో తరం, మూడో తరం అని వరసగా రాసి ఉంటుంది. చదువుతుంటే ఒక తరం గద్దె దిగిన మర్నాడే ఇంకో తరం పట్టాభిషేకం చేసుకున్నట్టు అనిపిస్తుంది. చెన్నై పక్కన ట్యాంకుల ఫ్యాక్టరీ ఉన్న ఆవడిలో పెరిగినవాళ్ళకి ఆ లెక్క నప్పదు. పట్టాభిరాం మిలిటరీ సైడింగ్ వైపు వ్యాగన్ల మీద టార్పాలిన్ కప్పుకుని పోయే బండ్లలో రష్యా డిజైను కొత్త టి-90 ట్యాంకులూ ఉంటాయి, వాటికన్నా పాతవైన, ఓవర్‌హాల్ అయిన టి-72లూ ఉంటాయి. మా చిన్నప్పుడు ఇంకా పాతవైన విజయంత ట్యాంకులు కూడా ఉండేవి. టార్పాలిన్ కింద టరెట్ (గన్ బిగించి ఉండే, గుండ్రంగా తిరిగే పై భాగం) వాలు చూసి అది ఏ ట్యాంకో చెప్పేసే పిల్లలు మా క్వార్టర్స్‌లో చాలామంది.

మా మావయ్య కావలి నుంచి వచ్చి ఇక్కడి హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరాడు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల కుర్రాళ్ళు పని కోసం మద్రాసు రైలెక్కడం అప్పట్లో మామూలే. ఆయన విజయంత మీద మొదలుపెట్టి అజేయ (టి-72కి ఇక్కడి పేరు) మీద రిటైరయ్యాడు. నేను చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉన్నాను. ట్యాంకు నా వృత్తి కాదు గానీ, ఒక వస్తువు మొదటి బ్యాచ్ నుంచి ఐదో బ్యాచ్‌కి వచ్చేసరికి ఎలా బాగుపడుతుందో రోజూ చూసే పని నాది. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ట్యాంకు తరం మారిందని చెప్పాలంటే కొత్త బండి వచ్చిందా అని చూస్తే చాలదు. పాత బండిలో బయటపడ్డ తప్పుల్ని దిద్దే అవకాశం దాన్ని చేసినవాళ్ళకే దొరికిందా అని చూడాలి. ఆ లెక్కన మన దేశం ట్యాంకుల్ని చాలాసార్లు మార్చింది, తరాన్ని మాత్రం పెద్దగా మార్చలేదు.

ముందు యుద్ధభూమి సంగతి చూద్దాం. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ అనే ఊరి చుట్టూ జరిగిన పోరు. పాకిస్తాన్ తెచ్చింది అమెరికా ప్యాటన్లని. 90 మి.మీ. గన్, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, గురి లెక్కగట్టే యంత్రం అన్నీ ఉన్న బండి. మన వైపు 3వ కావల్రీ దగ్గర బ్రిటిష్ సెంచూరియన్లు ఉన్నాయి. డక్కన్ హార్స్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు. 8వ లైట్ కావల్రీ దగ్గర ఫ్రెంచి వాళ్ళ తేలిక ట్యాంకు ఎ.ఎమ్.ఎక్స్-13. మూడు దేశాలవి, మూడు కాలాలవి, ఒకే చెరుకు తోటల మధ్య నిలబడ్డాయి. పుస్తకం ప్రకారం అయితే షెర్మన్ అప్పటికి మ్యూజియంలో ఉండాలి.

ఏం జరిగిందో చాలామందికి తెలుసు. మనవాళ్ళు కాలువ నీళ్ళు పొలాల్లోకి వదిలారు. ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. గుర్రపు నాడా ఆకారంలో కాచుకుని ఉన్న మన గన్లు దగ్గరికి రానిచ్చి పక్కల మీద కొట్టాయి. 4వ గ్రెనేడియర్స్‌కి చెందిన అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన రీకాయిలెస్ గన్‌తో ట్యాంకుల మీదికే వెళ్ళి ప్రాణాలిచ్చాడు, పరమవీరచక్ర పొందాడు. పాకిస్తాన్ అక్కడ 90కి పైగా ట్యాంకులు పోగొట్టుకుంది. దొరికిన వాటిని వరసగా నిలబెట్టిన చోటికి ప్యాటన్ నగర్ అన్న పేరు వచ్చింది. ప్యాటన్ నాసి బండి అని దీనర్థం కాదు. దాని రేంజ్‌ఫైండర్ బాగా పనిచేయాలంటే సిబ్బందికి బోలెడు తర్ఫీదు కావాలి. సెంచూరియన్‌లో గురి పెట్టే పద్ధతి సులువు, మన గన్నర్లకి అది చేతికి అబ్బింది. పాత బండి చేతికి బాగా అలవాటైన రెజిమెంటు, కొత్త బండి ఇంకా అలవాటు కాని రెజిమెంటుని ఓడించింది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాతి అరవై ఏళ్ళ కథ చాలా వరకు అర్థమవుతుంది.

గన్ల సంగతి ఇంకా విచిత్రం. 1956లో హంగరీలో తిరుగుబాటు వచ్చినప్పుడు, తిరగబడ్డవాళ్ళు ఒక సోవియట్ టి-54ఎ ట్యాంకుని బుడాపెస్ట్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయం ఆవరణలోకి తోలుకొచ్చారు. అక్కడి అధికారి దాన్ని కొలిచి చూశాడు. తమ 20-పౌండర్ గన్ ఆ కవచాన్ని ఛేదించడం కష్టమని బ్రిటిష్ వాళ్ళకి అర్థమైంది. అలా వచ్చిందే 105 మి.మీ. ఎల్7 గన్. సెంచూరియన్‌లో పెట్టారు, అమెరికా వాళ్ళు ఎమ్60లో పెట్టారు, జర్మన్లు లెపర్డ్-1లో పెట్టారు. ఇజ్రాయెల్ వాళ్ళ తొలి మెర్కావా, అమెరికా వాళ్ళ తొలి అబ్రామ్స్ కూడా ఆ గన్‌తోనే పుట్టాయి. మన విజయంతదీ అదే గన్. ఆ తర్వాత మనవాళ్ళు సోవియట్ టి-55ల మీద ఉన్న 100 మి.మీ. గన్ తీసేసి ఇదే 105ని బిగించారు. టి-54ని కొట్టడానికి పుట్టిన గన్ చివరికి దాని తమ్ముడి భుజం మీదే కూర్చుంది! ఇప్పుడు ఆ టి-55ని ఏ తరంలో వేస్తారు? ఒళ్ళు ఒక తరానిది, గన్ ఇంకో తరానిది. ట్యాంకు ముక్కలు ముక్కలుగా మారుతుంది, మొత్తంగా ఒక్కసారి మారదు. ఇక మార్చడానికి వీల్లేని చోటు వచ్చినప్పుడు, అంటే ఇంజిన్ ఇంకా బరువు లాగలేనప్పుడో, టరెట్ రింగ్ ఇంకా పెద్ద గన్‌ని మోయలేనప్పుడో, అప్పుడు కొత్త బండి గీయాలి.

ఆవడికి వస్తాను. విజయంత కోసం 1961లో బ్రిటన్‌లోని వికర్స్ కంపెనీతో ఒప్పందం అయింది. 1963లో ప్రోటోటైపు, 1965 నాటికి ఆవడి నుంచి బండ్లు. 39 టన్నుల బరువు, నలుగురు సిబ్బంది. ముందు కవచం 80 మి.మీ. మాత్రమే, ఆ లోటు అందరికీ తెలుసు. 1971 యుద్ధంలో పాల్గొంది. ఇంజిన్ మాత్రం తలనొప్పి. లేలాండ్ ఎల్60లో ఒక్కో సిలిండర్‌లో రెండేసి పిస్టన్లు ఎదురెదురుగా కదులుతాయి. ఏ ఇంధనం పోసినా నడవాలన్న ఆశతో చేసిన డిజైను అది. బ్రిటిష్ వాళ్ళ చీఫ్‌టెన్ ట్యాంకులో కూడా ఇదే ఇంజిన్, అక్కడా ఇదే గొడవ: లైనర్లు, సీళ్ళు, ఆయిల్ కారడం. మా మావయ్య బ్యాచ్ వాళ్ళు ఆ ఇంజిన్‌తో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టారు. ఏ గ్యాస్కెట్ ఎప్పుడు వదులుతుందో శబ్దం విని చెప్పే స్థితికి వచ్చారు. ఆయన ఇప్పటికీ ఒక మాట అంటాడు: "అది మాకు లొంగే వేళకి దాన్ని ఆపేశార్రా."

ఆపేసి ఏం తెచ్చారు? టి-72. 1970ల చివర్లో సోవియట్ యూనియన్ నుంచి కొనడం మొదలై, 80ల్లో ఆవడిలోనే అజేయ పేరుతో తయారీ అయింది. బండిగా అది పెద్ద ముందడుగే, నేను కాదనను. ఒక ఫిట్టర్ కళ్ళతో చూస్తే మాత్రం అది ఇంకో లోకం. బ్రిటిష్ డ్రాయింగులు అంగుళాల్లో ఉండేవి, ఇవి మిల్లీమీటర్లలో వచ్చాయి. గేజీలు మారాయి, జిగ్గులు మారాయి. ఎల్60 మీద సంపాదించిన ఒక్క కిటుకూ ఈ 780 హార్స్‌పవర్ వి-12 ఇంజిన్‌కి పనికిరాలేదు.

టి-72 టరెట్ లోపల ఏముందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తరం మార్పు అంటే నిజంగా ఏమిటో అక్కడ కనిపిస్తుంది. సిబ్బంది కాళ్ళ కింద, నేల మీద, గుండ్రంగా తిరిగే పళ్ళెం ఒకటి ఉంటుంది. అందులో 22 గదులు. ఒక్కో గదిలో కింద గుండు, పైన మందు. గన్నర్ ఏ రకం గుండు కావాలో ఎంచి మీట నొక్కితే పళ్ళెం తిరిగి ఆ గది దగ్గర ఆగుతుంది. గన్ తనంతట తానే ఒక నిర్ణీత కోణానికి లేస్తుంది. లిఫ్టు పైకి వస్తుంది. గొలుసు లాంటి రామర్ ముందు గుండుని తోస్తుంది, తర్వాత మందుని తోస్తుంది. పేలాక మిగిలే చిన్న లోహపు అడుగుముక్కని టరెట్ వెనక తలుపు తెరిచి బయటికి విసిరేస్తుంది. విజయంతలో ఈ పనంతా చేతులతో చేసే లోడర్ అనే నాలుగో మనిషి ఉండేవాడు. ఆయన లేకపోవడం వల్ల టరెట్ పొట్టిదైంది, బండి 41 టన్నుల్లో ఇమిడింది. అదే సమయంలో రాత్రి కాపలాకి ఒక మనిషి తగ్గాడు, తెగిన ట్రాక్ బిగించడానికి రెండు చేతులు తగ్గాయి. అన్నిటికన్నా ముఖ్యం, మందుగుండు మనుషుల చుట్టూ ఉండిపోయింది. కవచం చీలి ఒక్క రవ్వ లోపలికి వెళ్తే టరెట్ గాల్లోకి లేస్తుంది. 1991లో ఇరాక్ ఎడారిలోనూ, 2022 తర్వాత ఉక్రెయిన్‌లోనూ ప్రపంచం చూసింది ఇదే. ప్రతి తరం మార్పూ ఇలాంటి బేరమే: ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోవడం.

టి-90 సంగతి తొందరగా ముగిస్తాను. అది వేరే వంశం కాదు. టి-72బియు అన్న పేరుతో మొదలైన బండికే రష్యా 1992లో టి-90 అని పేరు పెట్టింది. ఇరాక్‌లో టి-72కి వచ్చిన చెడ్డపేరు కూడా ఆ మార్పుకి ఒక కారణం. అదే పళ్ళెం, అదే ఒళ్ళు, మెరుగైన కవచం, మెరుగైన సైట్లు, తర్వాతి రకాల్లో 1000 హార్స్‌పవర్ ఇంజిన్. నేను రష్యావాళ్ళని ఇక్కడ మెచ్చుకుంటాను. తమ బండినే తాము దిద్దుకుంటూ వెళ్ళారు. 2015 మే 9 కవాతులో సరికొత్త టి-14 అర్మాటాని ఊరేగించారు కదా, అది పెద్ద సంఖ్యలో తయారు కాలేదు. యుద్ధం వచ్చాక గిడ్డంగుల్లోంచి టి-62లు తీశారు, 2023 నాటికి టి-54, 55లు కూడా బయటికి వచ్చాయి.

మనం టి-90 ఎందుకు కొన్నాం? పాకిస్తాన్ ఉక్రెయిన్ నుంచి 320 టి-80యుడి ట్యాంకులు తెచ్చుకుంది కాబట్టి. 2001 ఫిబ్రవరిలో మనం 310 టి-90లకి సంతకం పెట్టాం. వెనక్కి తిరిగి చూస్తే ఎప్పుడూ ఇదే. వాళ్ళకి ప్యాటన్లు వచ్చాయని మనకి మెరుగైన ట్యాంకు కావలసి వచ్చింది. 2020లో లద్దాఖ్‌లో చైనా టైప్-15 తేలిక ట్యాంకులు కనిపించాకే మనకి తేలిక ట్యాంకు గుర్తొచ్చింది. 1948 నవంబరు 1న జోజి లా కనుమలోకి, 11 వేల అడుగుల పైకి, 7వ లైట్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకుల్ని ఎక్కించింది మనమే. 1962లో ఎ.ఎమ్.ఎక్స్-13లని విమానంలో లద్దాఖ్‌లోని చుషూల్‌కి దించింది మనమే. ఆ అనుభవం చేతిలో ఉండి కూడా, పక్కింటివాడు కొనేదాకా ఆగాం.

ఇక మనం సొంతంగా డిజైను చేసుకున్న ట్యాంకు, అర్జున్. దీని గురించి రాసేటప్పుడు నాకు మనసు ఉడుకుతుంది, దాచుకోను. 1974లో మంజూరైంది. ఆవడిలోని సైనిక వాహనాల పరిశోధన సంస్థ సి.వి.ఆర్.డి.ఇ. డిజైను చేసింది. దాని కాంచన్ కవచం మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో, డి.ఎమ్.ఆర్.ఎల్. అనే లోహాల ప్రయోగశాలలో పుట్టింది, పేరు కూడా అక్కడిదే. 120 మి.మీ. గన్, 58 టన్నుల పైన బరువు, నలుగురు సిబ్బంది. 1500 హార్స్‌పవర్ దేశీ ఇంజిన్ చేద్దామనుకున్నారు, కుదరలేదు. జర్మన్ ఎమ్.టి.యు. 1400 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టారు. సైన్యం అడిగేవి మారుతూ వచ్చాయి, బండి బరువెక్కుతూ వచ్చింది. 124 బండ్లకి ఆర్డరు 2000లో వచ్చింది, మొదటి బండ్లు 2004లో అందాయి. ఇంకో 124కి ఆర్డరు 2010లో. మార్క్-1ఎ రకం 118 బండ్లకి ఆర్డరు 2021లో, 7,523 కోట్ల రూపాయలకి. మంజూరు నుంచి మొదటి అప్పగింతకి 30 ఏళ్ళు. రెండు ఆర్డర్ల మధ్య పదేళ్ళ చొప్పున ఎడం.

నా వృత్తి తెలిసినవాళ్ళకి ఈ ఎడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. లైన్ ఆగితే వెల్డర్ వేరే పనికి పోతాడు. చిన్న విడిభాగాలు చేసే అంబత్తూరు వర్క్‌షాపువాడు డై తీసి మూల పడేస్తాడు, వేరే ఆర్డరు పట్టుకుంటాడు. మళ్ళీ పదేళ్ళకి పిలిస్తే రేటు వేరు, మనిషి వేరు, టాలరెన్సు వేరు. మొదటి బ్యాచ్‌లో నేర్చుకున్నది రెండో బ్యాచ్‌కి అందదు. మార్క్-1ఎకి కావలసిన జర్మన్ ఇంజిన్లు రావడం కూడా ఆలస్యమైంది, ఎందుకంటే అంత చిన్న ఆర్డరు కోసం ఆపేసిన లైన్‌ని వాళ్ళూ మళ్ళీ తెరవాలి.

ఇజ్రాయెల్‌ని చూడండి. 1969లో బ్రిటన్ చీఫ్‌టెన్ అమ్మనంది. మరుసటి ఏడే ఇజ్రాయెల్ తాళ్ అనే జనరల్ నాయకత్వంలో వాళ్ళు సొంత ట్యాంకు మెర్కావా మొదలుపెట్టారు. అర్జున్‌కి నాలుగేళ్ళ ముందు, అంతే. మొదటి మెర్కావా 1979లో సైన్యంలోకి వచ్చింది: అదే పాత 105 గన్, 900 హార్స్‌పవర్ అమెరికన్ ఇంజిన్, 60 టన్నులకి పైన బరువు. కాగితం మీద బలహీనమైన బండి. 1982లో లెబనాన్ యుద్ధానికి వెళ్ళింది, దెబ్బలు తింది. 1983కి మార్క్-2 వచ్చింది. మార్క్-3కి 120 గన్, 1200 హార్స్‌పవర్. 2004లో మార్క్-4కి 1500, అది కూడా జర్మన్ డిజైను ఇంజినే. ఇంజిన్ బయటిదని వాళ్ళెవరూ సిగ్గుపడలేదు, బండినీ ఆపలేదు. మనం పరీక్షలో నూటికి నూరు వస్తేనే బడిలో చేర్చుకుంటామని పిల్లాణ్ణి గుమ్మంలో నిలబెట్టాం.

సైన్యం వైపు మాట కూడా వినాలి, అది తేలికగా కొట్టిపారేసేది కాదు. పంజాబ్ నిండా కాలువలు, వంతెనలు. 41 టన్నుల బండి దాటే వంతెన 58 టన్నుల బండికి ఆగకపోవచ్చు. రైలు వ్యాగన్లు, రికవరీ వాహనాలు, వంతెన పరిచే బండ్లు అన్నీ టి-72 కొలతలకి అమరి ఉన్నాయి. వేలల్లో ట్యాంకులు కావలసిన సైన్యానికి ఆవడి నుంచి అర్జున్లు వందల్లోనే వచ్చాయి. యుద్ధం రేపే వస్తే ప్రాణాలు పోయేది జవాన్లవి. ఈ మాటలన్నీ నేను ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. అర్జున్‌ని పంజాబ్‌కి పంపమని ఎవరూ పట్టుబట్టలేదు. అది రాజస్థాన్ ఎడారిలోనే ఉంది. 2010 మార్చిలో అదే ఎడారిలో టి-90 పక్కన నిలబెట్టి పోల్చి చూశారు, ఆ తర్వాతే రెండో 124 ఆర్డరు వచ్చింది. ఎడారి రెజిమెంట్ల కోసం ఏడాదికి పాతికో ముప్ఫయ్యో బండ్లు ఆగకుండా అడిగి ఉంటే ఈపాటికి మనం ఏ మార్క్‌లో ఉండేవాళ్ళం?

దీనికి జవాబు మా ఇరుంగాట్టుకోట్టైకి చుట్టం లాంటి దేశంలోనే ఉంది. ఇక్కడ హ్యుందాయ్ కార్లు చేస్తుంది. ఆ గ్రూపులోదే అయిన హ్యుందాయ్ రోటెమ్ కొరియాలో కె2 ట్యాంకు చేస్తుంది. వాళ్ళకీ సరిగ్గా మన కష్టమే వచ్చింది, దేశీ పవర్‌ప్యాక్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపిన సెట్టు) పరీక్షల్లో నిలబడలేదు. వాళ్ళేం చేశారు? మొదటి 100 బండ్లు జర్మన్ పవర్‌ప్యాక్‌తో 2014 నుంచి సైన్యానికి ఇచ్చేశారు. రెండో విడత 106 బండ్లలో కొరియా ఇంజిన్, జర్మన్ గేర్‌బాక్స్ పెట్టారు. 2022లో పోలండ్ అదే బండి కొనడానికి సంతకం పెట్టింది. రెండో విడత ఆలస్యమైనా, అన్నీ దేశీవి కుదిరాకే బండి ఇద్దాం అని వాళ్ళు కూర్చోలేదు. మా కంపెనీకి వచ్చే కొరియా ఇంజనీర్లలో ఈ పద్ధతినే చూస్తాను. డ్రాయింగులో లోపం దొరికితే లైన్ నడుస్తుండగానే దిద్దుతారు, తర్వాతి లాట్ మీద తేదీ వేస్తారు.

డ్రోన్లు వచ్చాక ట్యాంకు పని అయిపోయింది కదా, ఇంకా ఈ గోల ఎందుకు అని మా ఆఫీసు కుర్రాళ్ళు అడుగుతుంటారు. 1973 అక్టోబరు యుద్ధంలో ఈజిప్టు సైనికులు పెట్టెల్లో మోసుకొచ్చిన సాగ్గర్ అనే సోవియట్ క్షిపణులతో ఇజ్రాయెల్ ట్యాంకుల్ని కాల్చినప్పుడు కూడా సరిగ్గా ఇదే మాట వినపడింది. 1982 నాటికి వాళ్ళ ట్యాంకుల మీద, క్షిపణి తగలగానే ఎదురు పేలి దాని జోరు తగ్గించే పలకల కవచం వచ్చింది. ఆ తర్వాత వచ్చే రాకెట్‌ని గాల్లోనే కొట్టే ట్రోఫీ వ్యవస్థ వచ్చింది. డ్రోన్‌కీ జవాబు వస్తుంది. ఆ జవాబుని నెలల్లో బండి మీదికి ఎక్కించాలంటే దాని తీగలు, దాని సాఫ్ట్‌వేర్, దాని టరెట్ మోటారు మనవై ఉండాలి. డ్రోన్ల కాలంలో సొంత డిజైను అవసరం ఇంకా పెరిగింది.

ఇప్పుడు టి-72 స్థానంలో 1770 కొత్త ట్యాంకులు తీసుకోవడానికి 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 మార్చిలో అవే టి-72ల కోసం రష్యా నుంచి 1000 హార్స్‌పవర్ ఇంజిన్లకీ ఒప్పందం అయింది, అంటే పాతది ఇంకా చాలాకాలం ఉంటుంది. తేలిక ట్యాంకు జొరావర్ 2024 జులైలో హజీరాలో బయటికి వచ్చింది. గన్ బెల్జియంది, ఇంజిన్ అమెరికాది, బరువు 25 టన్నులు. దాన్ని తొందరగా చేశారు, నాకు చాలా సంతోషం. అదే తొందర పెద్ద ట్యాంకుకీ కావాలి.

1770 మొత్తానికి ఒకే జాబితా రాసి, అందులో ప్రపంచంలోని ప్రతి మంచి ట్యాంకులోని ప్రతి మంచి గుణాన్నీ ఇరికించి, ఇరవై ఏళ్ళు పరీక్షలు చేయవద్దు. మొదటి వంద బండ్లు లోపాలతోనే ఒక రెజిమెంటుకి వెళ్ళాలి. ఆ రెజిమెంటు తిట్టే తిట్లన్నీ రాసుకుని తర్వాతి వంద చేయాలి. ఈలోపు అర్జున్ లైన్ ఆగకూడదు. 2024 మార్చి 20న మైసూరులోని ప్రభుత్వ రంగ కంపెనీ బెమెల్‌లో 1500 హార్స్‌పవర్ దేశీ ఇంజిన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసి చూశారు. దాన్ని బెంచ్ మీదే ఉంచకుండా నాలుగు అర్జున్లలో బిగించి, జూన్ నెలలో పోఖ్రాన్ ఇసుకలో తిప్పాలి. సీళ్ళు వదులుతాయి, రేడియేటర్లు మరుగుతాయి, గేర్లు అరుగుతాయి. విప్పి, మార్చి, మళ్ళీ తిప్పాలి. ఆ పని ఈ ఏడాదే మొదలవ్వాలి, చేసేవాళ్ళు ఆవడిలో ఇప్పటికీ ఉన్నారు.